పిలవని పేరు

ఏసీ చల్లగా ఉంది, కుర్చీలు పొట్టిగా ఉన్నాయి, నాకు ఏమీ అనిపించడం లేదు. చిన్నపిల్లల బడి కదా, తల్లిదండ్రులు కూర్చునేవి కూడా పిల్లల కొలతకే చేయించారు, ఎరుపూ పసుపూ ప్లాస్టిక్కువి, కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఇందాకే ఆయమ్మ వచ్చి నా బిడ్డ వేలు పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. బిడ్డ ఏడవలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. పక్క కుర్చీలో ఆవిడ కొడుకు తలుపు పట్టుకొని గొల్లుమన్నాడు, వాణ్ణి విడదీసి పంపేసరికి ఆవిడ కళ్ళలో నీళ్ళు, చున్నీతో అద్దుకుంటూ నా వైపు తిరిగి, "మీ పాప భలే ధైర్యమండీ, ఎలా అలవాటు చేశారు?" అంది. ఏం అలవాటు చేశాను నేను? బిడ్డ చంక దిగితే చెయ్యి వదిలేసి ఊరుకోవడం నాకు అలవాటు, అదే దానికీ వచ్చి ఉంటుంది. "మా అత్తమ్మ దగ్గర పెరిగిందండీ" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనుక. ఎదురుగా గోడ బదులు నిలువెత్తు అద్దం, అద్దం వెనక ఆటల గది, తలుపు ఓరగా తెరిచి ఉంది కాబట్టి మాటలు కూడా వినిపిస్తున్నాయి. నర్సరీకంటే ముందు తరగతట ఇది, దానికి పరీక్ష. పరీక్ష అనొద్దని గేటు దగ్గరే చెప్పారు, పిల్లలతో కాస్త మాట్లాడతాం, అంతే అన్నారు. మాట్లాడాక సీటు ఇస్తారో ఇవ్వరో చెబుతారు. మరి దాన్ని పరీక్ష అనక ఇంకేమంటారో నాకు తెలియదు.

ఫోన్ మోగింది. మా ఆయన వీరేందర్. ఎయిర్‌పోర్టులో సామాన్ల బండ్లు లాగే ట్రాక్టర్ నడుపుతాడు, డ్యూటీలో ఫోన్ మాట్లాడకూడదు, ఏ గోడచాటుకో వచ్చి చేస్తున్నట్టున్నాడు, వెనక విమానం హోరు.

"పోయిందా లోపటికి?"

"పోయింది."

"ఏడ్చిందా?"

"లే."

"రంగులు అడిగిండ్రా? ఆరెంజ్ కాడ జర తడబడ్తది."

"అద్దమవతల ఉన్నది గద, నేనేం జెయ్యాలె?"

"గట్ల కాదు, నువ్వు జర నవ్వుకుంట కూసో. తల్లిని గూడ జూస్తరంట." పెట్టేశాడు. నవ్వుతూ కూర్చోవాలట. పంటి డాక్టరు సూది వేసిన బుగ్గలాగా ఉంది నాకు లోపలంతా, నవ్వితే నవ్వొచ్చు, మూతి ఎటు పోయిందో మాత్రం తెలియదు. పాపం వీరేందర్. దసరా నుంచి ఈ రోజు కోసమే తిరుగుతున్నాడు. డ్యూటీ దిగి రాగానే బిడ్డను భుజాన ఎక్కించుకొని మా మామిడిపల్లి ఇంటి డాబా మీదికి పోయేవాడు. విమానాలు మా మీదుగానే దిగుతాయి, కిటికీల్లో మనుషులు కనిపిస్తారా అన్నంత కిందుగా. వాటి తోకలు చూపించి దానికి రంగులు నేర్పాడు. ఎర్ర తోక వస్తే రెడ్డు, నీలం తోక వస్తే బ్లూ. ఆరెంజ్ తోకది ఏ వేళకు వస్తుందో ఆయనకే తెలియలేదు, అందుకే అక్కడ తడబడుతుంది. పండ్లు శంషాబాద్ అంగడిలో నేర్పాడు, ముక్కూ చెవులూ నీళ్ళు పోసేటప్పుడు నేర్పాడు. మా మామ పొలం ఈ ఎయిర్‌పోర్టు కిందికే పోయింది. మా పొలంలనే పరాయోళ్ళ పెట్టెలు గుంజుతున్న అని వీరేందర్ నవ్వుతూ అంటాడు, నా బిడ్డ పెట్టెలు ఇంకొకడు గుంజాలె అని మాత్రం నవ్వకుండా అంటాడు. అందుకే ఈ బడి.

ఎన్ని బడులు చూపించాడు! బండి మీద ముందు బిడ్డ, వెనక నేను. శంషాబాద్‌లో ఒకటి ఫంక్షన్ హాలు మీద అంతస్తులో ఉంది, కింద ఎవరిదో పెళ్ళి బాజాలు, పైన పిల్లలు చేతులు కట్టుకొని ఏదో చదువుతున్నారు. రావిర్యాల వైపు ఒకటి, పునాదులు కూడా లేవలేదు, బోర్డు మీద మాత్రం ఈతకొలను బొమ్మ ఉంది. మహేశ్వరం రోడ్డులో ఒకటి, ప్లాట్లు అమ్మేవాళ్ళదే బడి కూడా, బిడ్డ సీటుతోపాటు ప్లాటు కూడా చూపించారు. బయటికొచ్చిన ప్రతిచోటా వీరేందర్ అడిగేవాడు, "ఎట్లున్నది?" "మంచిగనే ఉన్నది" అనేదాన్ని. అన్నీ మంచిగానే ఉన్నాయి. గోడలకు రంగులున్నాయి, జారుడుబండలున్నాయి, మేడములు చక్కగా మాట్లాడుతున్నారు, ఇంకేం కావాలి? మూడోచోట ఆయనకు కోపం వచ్చింది. "చీర కొనెటప్పుడన్న మొఖం మార్చవా నువ్వు?" అన్నాడు. నిజమే, చీరకూ మార్చను. ఇంతకుముందు ఇలా ఉండేదాన్ని కాదు. రాగి బిందె కొనడానికి పోయి బజారు బజారంతా తిరగేసిన మనిషిని.

పక్కావిడ మళ్ళీ పలకరించింది. "మావాడికి మొన్నటి నుంచి అదే పని, ఒకటే ప్రశ్న, ఒకటే జవాబు, అయినా భయమే" అంది. చూశాను ఇందాక. లోపలికి పంపేముందు కూడా వాడి కాలరు సర్దుతూ "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడుగుతూనే ఉంది, వాడు ముక్కు ఎగబీల్చుకుంటూ "మై నేమ్ ఈజ్ శ్రీకర్" అని పాటలాగా అంటూనే ఉన్నాడు, అన్న ప్రతిసారీ ముద్దు పెట్టుకుంది. అప్పుడు నాకేమీ తట్టలేదు. ఇప్పుడు, బిడ్డ లోపలికి పోయాక తట్టింది. రంగులు నేర్పాం, పండ్లు నేర్పాం, జంతువులు నేర్పాం, థాంక్యూ నేర్పాం. ఏ బడిలోనైనా అన్నిటికంటే ముందు అడిగేది పేరు. ఆ ఒక్కటే నేర్పలేదు. వినేవాళ్ళు మరిచిపోయారనుకుంటారు. మరిచిపోవడం కాదు. నా బిడ్డ పేరు మా ఇంట్లో ఎవరూ నోటితో అనం. మా అత్త అనదు, వీరేందర్ అనడు, నేను అనను. అనకపోవడం ఎంత అలవాటైపోయిందంటే, బడిలో ఏ పేరు పిలవాలని ఇంట్లో పోట్లాడుకున్నారు గానీ, ఆ పేరు బిడ్డకు తెలియాలన్న సంగతే ఎవరికీ తట్టలేదు. "మీ పాప పేరేంటండీ?" అంది పక్కావిడ, సరిగ్గా అప్పుడే. ఫోన్ మోగినట్టు చెవి దగ్గర పెట్టుకొని మొహం తిప్పుకున్నాను.

పేరు లేక కాదు. కాగితాల మీద ఒకటి ఉంది, వీరేందర్ రాయించాడు, మంచి పేరు. రాయించిన రోజు నాకు చూపిస్తే కళ్ళతో చదివాను, పెదాలు కదపలేదు. ఇంట్లో పిలిచే పేరు పెంటమ్మ. ముద్దొస్తే పెంటి. అత్త పెట్టింది, ముందు పుట్టిన ఇద్దరూ పోయారు గనుక. మొదటివాడు ఈ విమానాలు మా మీదుగా దిగడం మొదలైన ఏడు పుట్టాడు. వాడి పేరు చెప్పను. చెప్పలేక కాదు, చెప్తే నోట్లో ఏ రుచీ తగలదు, అది నాకు నచ్చదు. పేరు పెట్టిన రోజు బ్యాండు, ఊరంతా భోజనాలు, వాడి ఫోటోతో మా వాకిట్లో పెద్ద ఫ్లెక్సీ, మబ్బుల మధ్య నా కొడుకు, కింద ఎర్రటి అక్షరాల్లో వాడి పేరు, దాని కింద వీరేందర్ దోస్తుల మొహాలు వరసగా. దారిన పోయేవాళ్ళంతా ఆగి ఆ పేరు చదివారు. ఇక నాకైతే పొద్దంతా అదే పని. పాలు తాగుతుంటే పిలవడం, నిద్రపోతుంటే పిలవడం, ఏ పనీ లేకపోయినా పిలిచి వాడు తల తిప్పితే మురిసిపోవడం. ఏడాది నిండకుండానే జ్వరం వచ్చి మెదడుకెక్కింది. పట్నం దవాఖానలో మంచం పక్కన నిలబడి కూడా పిలుస్తూనే ఉన్నాను. చివరి రోజు వాడు తల తిప్పలేదు. ఆ ఫ్లెక్సీని తరవాత అత్త మడిచి వానకాలంలో గడ్డివామి మీద కప్పింది, బొమ్మ ఉన్న వైపు లోపలికి పెట్టి. మంచి ప్లాస్టిక్కు, ఇప్పటికీ చినగలేదు. రెండోవాడు పేరు పెట్టేదాకా కూడా ఉండలేదు. వాడు పోయినప్పుడు నేను ఏడవలేదని వాడకట్టులో అనుకున్నారట. ఏడవలేదు, నిజమే. వాళ్ళు అనుకున్నదానికీ ఏమీ అనిపించలేదు.

మూడోసారి అత్త ఎవరినీ అడగలేదు. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన పొద్దే చాటలో పాత చీర ముక్క పరిచి, బిడ్డను పడుకోబెట్టి, బర్రెల కొట్టం వెనక పెంటకుప్ప మీద పెట్టి వచ్చేసింది. అనుకున్నట్టే పొరుగింటి రాములమ్మ అటు వచ్చి, ఏమీ తెలియనట్టు చేతులు తిప్పుతూ అరిచింది. "ఓయమ్మో, ఎవ్వలదో పిల్ల పెంట మీద వడి ఉన్నది! ఎవ్వలకూ అక్కెరలేనట్టున్నది, నేనే కొంచవోత!" అత్త మొహం చిట్లించుకొని బయటికొచ్చింది. "గా పిల్లను ఏం జేస్కుంటవే? నాకియ్యి, చాటెడు తవుడిస్త." "చాటెడేనా సత్తెమ్మక్కా? ముక్కూ మొఖం మంచిగనే ఉన్నది, ఇంకింత పొయ్యి." ఇది ముందు అనుకున్న మాట కాదు. రాములమ్మకు బర్రె ఉంది, తవుడు కావాలి. అత్తకు ఒళ్ళు మండిపోయింది. "దాని ముక్కు మంచిగున్నదని గంత గట్టిగ ఒర్రుతవేందే, నీ నోట్ల మన్నువడ!" అని ఇంకో చాటెడు పోసి నా బిడ్డను కొనుక్కుంది. నేను చెవులకు గుడ్డ కట్టుకొని గడపలో నిలబడి చూశాను. నవ్వు రావలసిన చోటు అది. నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. బిడ్డకు ముక్కు కుట్టించారు. అయిదేళ్ళు నిండి మల్లన్న దగ్గర పుట్టువెంట్రుకలు తీసేదాకా మంచి పేరు ఎవరి నోటా రావద్దని అత్త గట్టిగా చెప్పింది. "మంచి పేరు ఇనవడితే అది ఒస్తది. పెంట పేరు ఇంటే ముక్కు మూస్కొని మూలమలుపు కాణ్ణుంచే తిరిగివోతది" అంటుంది. అది అంటే ఏమిటో చెప్పదు, చెప్పనక్కరలేదు. వీరేందర్ నమ్మనంటాడు, అయినా డాబా మీద ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ పేరు అనలేదు. వాళ్ళిద్దరికీ భయం. నాకు భయం కూడా లేదు. నేను పెంటి అని కూడా పిలవను. ఇగో, ఓయ్, ఇట్రా, అంతే. పిలిస్తే కదా తిరగకపోయేది.

పోయిన వారం అత్త నన్ను వెంటబెట్టుకొని మా ఊళ్ళోనే చర్చి పక్కన సునీల టీచర్ నడిపే బడికి పోయింది. రెండు గదులు, చాపలు, గోడకు ఆమె తన చేత్తోనే వేసిన చిలకలు, ఏనుగులు. అత్తకు వంకర మాటలు రావు. "మా పిల్లను పెంటమ్మ అనే పిలువాలె. ఇంకో పేరు పిలుస్తనంటే పంపం" అంది. సునీల నవ్వలేదు. "మా నాయినను గూడ దిష్టి తగులొద్దని మా నాయినమ్మ పుల్లయ్య అనే పిలిచిందంట పెద్దమ్మా, చానా ఏండ్లు. నాకేం పరేషాన్ లేదు, పంపుండ్రి" అంది. మేము మాట్లాడుకునే లోపలే పెంటి చాప మీద పిల్లల మధ్య పడి నిద్రపోయింది. ఇంటికొచ్చాక తల్లీకొడుకులకు గొడవ. "పెంటమ్మా అని హాజరు పిలిపిస్తవా? రేపు పెద్దగైనంక గదే పేరు వడ్తది దానికి!" అన్నాడు వీరేందర్. "పెద్దగ గానియ్యి ముందుగాల. ఏ పేరువడ్డా సరే" అంది అత్త. ఇద్దరూ ఆగి నా వైపు చూశారు. "తల్లివి, నువ్వు జెప్పు." "మీ ఇష్టం" అన్నాను. వాళ్ళకు ఒకరి మీద ఒకరికి ఉన్న కోపమంతా అప్పుడు నా మీదికి వచ్చింది. ఈ పొద్దున బయల్దేరుతుంటే అత్త గడప దాకా కూడా రాలేదు. లోపలి నుంచే అంది, "దినాం పొద్దుగాల గంతమందిల ఆ పేరు పిలుస్తరు. యాదికి పెట్టుకో." పెట్టుకున్నాను. యాదికి పెట్టుకోవడం నాకు కష్టం కాదు.

అద్దం అవతల టీచరమ్మ పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది, లేచి వచ్చినవాళ్ళకు చేతి మీద మెరుపు నక్షత్రం అతికిస్తోంది. శ్రీకర్ ఏడుపు మొహంతోనే లేచి వెళ్ళాడు, పక్కావిడ సంతోషం పట్టలేక నా చెయ్యి నొక్కింది. ఆ తరవాత ఆ పేరు పిలిచింది టీచరమ్మ. ఇన్నేళ్ళుగా ఎవరి నోటా రానిది, చాలా మామూలుగా, అందరి పేర్లలాగే. నా బిడ్డ రంగు రింగులు కడ్డీకి ఎక్కిస్తోంది. ఎక్కిస్తూనే ఉంది. మళ్ళీ పిలిచింది. బిడ్డ ఎర్ర రింగు తీసి నీలం రింగు పెట్టింది. టీచరమ్మ వెనక నుంచి వచ్చి తల దగ్గర చప్పట్లు కొట్టింది, అప్పుడు ఉలిక్కిపడి తిరిగింది. ఆమె నవ్వుతూ ఆ పేరే ఇంకోసారి చెప్పింది, బిడ్డ కాసేపు ఆమె మొహం చూసి మళ్ళీ రింగుల వైపు తిరిగింది. నా కాళ్ళు చల్లబడ్డాయి. ఏసీ అనుకున్నాను. ఏసీ కాదు. పట్నం దవాఖాన, ఇనప మంచం, నేను పిలుస్తున్నాను, వాడు తిరగడం లేదు. ఇది అది కాదు, ఇది బతికి ఉంది, కాళ్ళు చాపుకొని కూర్చొని రింగులు ఎక్కిస్తోంది అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అయినా పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్లలు నాకు ఇద్దరయ్యారు.

మేడం బయటికి వచ్చింది. గంజి పెట్టిన చీర, మెత్తటి కోస్తా మాట. "పాప తల్లిగారు మీరేనా అండీ? పాప చాలా చురుగ్గా ఉందండీ. రంగులన్నీ చెప్పింది. రెడ్డు తోక, బ్లూ తోక అంటోంది, తోక ఎందుకో మాకు అర్థం కాలేదు" అని నవ్వింది. తరవాత నవ్వు తగ్గించి, "కానీ పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదండీ. చప్పుడుకు తిరుగుతోంది, పేరుకు తిరగట్లేదు. ఈ వయసులో అది కొంచెం ఆలోచించవలసిన విషయం. అలాంటి పిల్లలకు వేరే టీచర్లుండాలి, మా దగ్గర లేరు. ఒకసారి డాక్టరుకు చూపించి వచ్చే ఏడు తీసుకురండి" అంది. "అది గట్ల కాదు మేడం" అన్నాను. "పోనీ, ఇంట్లో వేరే పేరుతో పిలుస్తారా? ఏమని పిలుస్తారు?" పక్కావిడ వింటోంది, వెనక ఇంకో ఇద్దరు వింటున్నారు. నేను కొంగు సర్దుకున్నాను. మేడం నా భుజం మీద చెయ్యి వేసి తలుపు తెరిచింది. "సరే, ఒకసారి మీరే పిలవండి. తల్లి పిలిస్తే మాకు తెలిసిపోతుంది" అంది.

తలుపు మధ్యలో నిలబడ్డాను. పెంటీ అంటే లేచి పరుగెత్తుకొస్తుంది. ఆ పేరుకు సిగ్గు లేదు నాకు, నవ్వితే నవ్వనీ, ఇప్పుడే ఆటో ఎక్కి పోయి సునీల చాప మీద కూర్చోబెడితే అత్త సంతోషిస్తుంది, వీరేందర్ రెండు రోజులు మాట్లాడడు, అంతే. అత్త మాట తప్పని చెప్పడానికి నా దగ్గర ఏముంది? మంచి పేరున్నవాడు పోయాడు, పేరు పెట్టనివాడూ పోయాడు, పెంట పేరున్నది బతికి ఉంది. ఎటు తిప్పి చూసినా అత్తదే నిజమయ్యేట్టుంది. కానీ ఆ పిల్ల, అందరి చేతుల మీదా నక్షత్రాలు చూస్తోంది. తన చెయ్యి తిప్పి చూసుకుంది, ఏమీ లేదు, మళ్ళీ రింగు అందుకుంది. అడగలేదు, అలగలేదు, ఏడవలేదు. నాలాగే ఊరుకుంది. దాన్ని ఎంత బాగా దాచామంటే దానికి కూడా దొరకకుండా దాచాం. నాకు నొప్పి తెలిసింది, పంటి డాక్టరు సూది మందు దిగిపోతున్నప్పుడు చిగుళ్ళలో మొదలయ్యే నొప్పి. నోరు తెరిచాను.

"అక్షయా."

గది మొత్తం నా వైపు చూసింది. బిడ్డ కూడా తలెత్తింది, నా గొంతు విని. నన్ను చూసింది. తరవాత చుట్టూ ఉన్న పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఎవరూ లేవకపోయేసరికి రింగు చేతిలోనే పట్టుకొని నడిచొచ్చి, నా కుచ్చిళ్ళు పట్టుకొని, మిగతావాళ్ళకు వినపడకూడనట్టు మెల్లగా అడిగింది.

"అమ్మా, అక్షయ ఎవ్వలే?"

"నువ్వే బిడ్డా."

"నేనా? నేను పెంటిని గద?"

"అవ్. గది గూడ నువ్వే. గిది గూడ నువ్వే."

వెనక నుంచి మేడం ఏదో అంటోంది, నాకు వినిపించలేదు. బిడ్డ పెదాలు కదిపి ఆ పేరు లోపలే అనుకుంది, సగం వచ్చింది, సగం రాలేదు. తరవాత మొహమంతా పైకెత్తి నన్ను చూసింది.

"మల్ల పిలువు."

నాకు భయం వేసింది. ఎన్నేళ్ళకో వేసింది, కళ్ళ నిండా నీళ్ళు, ఎదురుగా బిడ్డ కూడా సరిగ్గా కనిపించడం లేదు. వంగి దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకొని మళ్ళీ పిలిచాను.